పోతదన్న భయంతో హెల్మెట్ ఇంట్లో పెట్టకు

బయ్యారం

చిరంజీవి అల్లుడికి,

మానుకోటలో బండి పెట్టిన చోట నీ హెల్మెట్ పోయిందని, అప్పటి నుంచి ఉత్త తలతోనే తిరుగుతున్నవని మీ అమ్మ చెప్పింది. "మళ్లీ కొన్నా మళ్లీ ఎత్తుకపోతరు" అన్నవట. హెల్మెట్ పోయినందుకు కాదు, ఆ మాట విన్నందుకే నాకు దిగులు పట్టుకుంది. పొద్దుగూకినంక ఇల్లందు వైపు రోడ్డు మీద బర్రె అడ్డమొస్తే, లారీ లైటు కళ్లలో పడితే ఏమవుతదో నీకు తెలియనిది కాదు. హెల్మెట్ ఉంటే మరణం ముప్పు 42 శాతం, తలకు దెబ్బ తగిలే ముప్పు 69 శాతం తగ్గుతుందని ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు లెక్కగట్టిన్రు.

అందుకని ముందుగాల ఒక తీగ తాళం కొను. అంకెలతో తెరుచుకునేది దొరుకుతది, ఇంకో తాళం చెవి మోసే పని లేదు. తీగను గడ్డం కింది పట్టీలోంచి పోనియ్యకు. బ్లేడుతో ఒక్క కోత కోస్తే పట్టీ తెగుతది. అట్ల తెగితే హెల్మెట్ దొంగకూ పనికిరాదు, నీకూ పనికిరాదు. ముఖం మొత్తం కప్పేదైతే కళ్ల దగ్గరి ఖాళీలోంచి తీగను లోపలికి పోనిచ్చి, మెడ దగ్గరి నుంచి బయటికి తియ్యి. అప్పుడు గడ్డం ముందటి గట్టి భాగం తీగలో చిక్కుకుంటది. ఆ తీగను వెనక సీటు వాళ్లు పట్టుకునే కమ్మీకి చుట్టు. చక్రానికి మాత్రం కట్టకు. తొందరలో మర్చిపోయి బండి తీసినవంటే కిందపడతవు.

చాలా బైకులకు సీటు దగ్గర హెల్మెట్ కొక్కెం ఉంటది. ఊళ్లో అయిదు నిమిషాల పనికి అది చాలు. రైలెక్కి పోయేటప్పుడు చాలదు. ఆ రోజు స్టేషన్ దగ్గర బండ్ల స్టాండు మనిషిని "హెల్మెట్‌కు జవాబుదారీ మీదేనా?" అని ముందే అడుగు. కాదంటే చేతిలో పట్టుకునిపో. రైల్లో హెల్మెట్ పట్టుకున్నవని ఎవరూ నవ్వరు, నవ్వినా పట్టించుకోకు.

కురవి వీరన్న గుడికి శివరాత్రికి పోయినా, మేడారం జాతరకు దోస్తులతో పోయినా బండ్లు పక్కపక్కనే ఆపుకోండి. అందరి హెల్మెట్లలోంచి ఒకే పొడుగు తీగ పోనిచ్చి తాళం వెయ్యండి. చేతి తొడుగులు, రెయిన్‌కోటు హెల్మెట్‌లో కుక్కకు, సంచిలో వేసుకుని వెంట తీసుకపో. ఆర్సీ, లైసెన్సు డిజీలాకర్‌లో ఉంటే చాలు, అసలు కాగితాలు బండిలో పెట్టకు.

అద్దానికి తగిలించే అలవాటు కూడా మానెయ్యి. లోపలి థర్మకోల్ అక్కడ నొక్కుకపోతది. దెబ్బను మింగేది అదే. పెట్రోలు తగిలితే కరుగుతది కూడా. నల్ల హెల్మెట్లు అన్నీ ఒక్క తీరుగనే ఉంటయి కాబట్టి నీ పేరు, ఫోన్ నంబరు చిన్న కాగితం మీద రాసి లోపలి మెత్త కింద దాచు.

ఇంకో మాట గట్టిగ చెప్తున్న. సగం ధరకు ఎవరో అమ్ముతున్నరని పాత హెల్మెట్ కొనకు. దొంగసొత్తని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహితలోని 317వ సెక్షన్ కింద అదీ నేరమే. పైగా అది ఇదివరకే ఒకసారి కిందపడి లోపల నలిగిందో ఏమో బయటికి కనపడదు. ఐఎస్ఐ గుర్తున్నదే కొను. 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేనిది అమ్మడమే చట్టవిరుద్ధం. హెల్మెట్ లేకుంటే చట్టంలో వెయ్యి రూపాయల జరిమానా ఉంది, మూడు నెలలు లైసెన్సు కూడా ఆపొచ్చు. ఆ డబ్బుకు మంచి హెల్మెట్టే వస్తది.

ఈ ఆదివారమే హెల్మెట్, తీగ రెండూ కొను. డబ్బు నేను పంపిస్త. కొనేదాకా మానుకోటకు బస్సులోనే పో, మీ అమ్మకు నిద్ర పడతది.

ఇట్లు,
మీ మామ