డ్రోను లేవనంటే కారణం చదవండి

ఇంజనీరింగ్, డిప్లొమా చదివే మన పిల్లల్లో కొందరు ప్రాజెక్టు పనికి డ్రోనును ఎంచుకుంటున్నారు. భాగాలన్నీ కూర్చి రిమోటు చేతపట్టాక తరచుగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది: మోటార్లు తిరగవు. అప్పుడు పక్కనున్నవారెవరో "ఆర్మింగ్ చెక్ సున్నా పెట్టెయ్, తిరుగుతుంది" అంటారు. ఈ సలహా ఎందుకు ప్రమాదకరమో, దానికి బదులు ఏం చేయాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆర్మింగ్ అంటే ఏమిటి?

డ్రోనుకు మెదడు వంటిది ఫ్లైట్ కంట్రోలర్. మోటార్లు తిరగడానికి అది అనుమతి ఇవ్వడాన్నే ఆర్మింగ్ అంటారు. అనుమతి ఇచ్చేముందు అది సెన్సార్లను, రిమోటును, బ్యాటరీని పరీక్షించుకుంటుంది. ఏదైనా సరిగా లేకపోతే అనుమతి నిరాకరిస్తుంది. అంటే డ్రోను మొరాయించడం లేదు, మనల్ని హెచ్చరిస్తోంది. ఉచితంగా దొరికే ఆర్డుపైలట్ సాఫ్ట్‌వేర్‌లో ఏయే పరీక్షలు జరపాలో చెప్పే సెట్టింగు పేరు "ఆర్మింగ్ చెక్".

ఒక్క సంఖ్యలో ఎన్నో జవాబులు

ఈ సెట్టింగు విలువ ఒకే ఒక సంఖ్య. ఒక్కో పరీక్షకు ఒక్కో విలువ ఉంటుంది. వాటిలో ముఖ్యమైనవి ఇవి:

1 – అన్ని పరీక్షలూ
2 – బారోమీటరు (ఎత్తు)
4 – కంపాస్ (దిక్కు)
8 – జీపీఎస్ (స్థానం)
16 – ఐఎన్ఎస్ (వంపు, కదలిక)
32 – పారామీటర్లు (సెట్టింగులు)
64 – రిమోటు ఛానళ్లు
128 – బోర్డు వోల్టేజి
256 – బ్యాటరీ

జరపవలసిన పరీక్షల విలువలను కూడితే వచ్చేదే ఆ సంఖ్య. ఉదాహరణకు తెరపై 80 కనిపించిందనుకోండి. 80 = 64 + 16. అంటే రిమోటు, ఐఎన్ఎస్ పరీక్షలు మాత్రమే జరుగుతున్నాయి. కంపాస్, జీపీఎస్, బ్యాటరీ ఎలా ఉన్నా ఈ పరీక్షలు అడ్డుచెప్పవు. సంఖ్య బేసి అయితే అందులో 1 ఉన్నట్టే, కనుక అన్ని పరీక్షలూ జరుగుతాయి. 0 అయితే ఈ పరీక్షలన్నీ ఆపేసినట్టు.

చదివే పద్ధతి

1. ముందుగా ప్రొపెల్లర్లు విప్పేయండి. బ్యాటరీ తగిలించకండి. యూఎస్‌బీ తీగ ఇచ్చే కరెంటు కంట్రోలరుకు చాలు.

2. కంప్యూటరులో మిషన్ ప్లానర్ తెరిచి కంట్రోలరుతో కనెక్ట్ చేయండి. కాన్ఫిగ్ విభాగంలో పూర్తి పారామీటర్ల జాబితా ఉంటుంది. అందులో ఆర్మింగ్ చెక్ పేరు వెతికి విలువ రాసుకోండి. చూసినంత మాత్రాన ఏదీ మారదు. "రైట్" బటన్ జోలికి మాత్రం పోకండి.

3. పైథాన్ వచ్చినవారు పైమావ్‌లింక్ లైబ్రరీ వాడవచ్చు. ముందు కంట్రోలరు పంపే హార్ట్‌బీట్ సందేశం కోసం ఆగాలి. తర్వాత పారామీటరు పేరు పంపి విలువ అడగాలి. జవాబు దశాంశ రూపంలో, 80.0 లాగా వస్తుంది. దాన్ని పూర్ణాంకంగా మార్చి, 8తో బిట్ల వారీ "అండ్" చేయండి. ఫలితం 0 అయితే, సంఖ్య సరి సంఖ్య కూడా అయితే, జీపీఎస్ పరీక్ష జరగడం లేదు.

4. చివరగా సందేశాల పేజీ చూడండి. "ప్రీఆర్మ్" అన్న మాటతో మొదలయ్యే వాక్యంలోనే నిరాకరణకు కారణం ఉంటుంది. కంపాస్ కాలిబ్రేషన్ కాలేదని ఉంటే కాలిబ్రేషన్ చేయాలి. పరీక్షను ఆపేస్తే సందేశం పోతుంది గాని లోపం పోదు. అది గాలిలో బయటపడుతుంది.

అదే సున్నా, వేరే అర్థం

ఆర్డుపైలట్ 4.7 వెర్షన్‌లో ఈ సెట్టింగు స్థానంలో "ఆర్మింగ్ స్కిప్‌చెక్" వచ్చింది. ఇందులో రాసేది వదిలేయవలసిన పరీక్షలను. కనుక ఇక్కడ 0 అంటే ఏ పరీక్షనూ వదలవద్దని. పాత పద్ధతిలో ప్రమాదమైన 0 కొత్త పద్ధతిలో క్షేమం. అందుకే సంఖ్యకు ముందు వెర్షనును, సెట్టింగు పేరును చదవాలి.

డ్రోను కొనలేకపోతే?

చింత వద్దు. ఆర్డుపైలట్‌తోనే ఎస్‌ఐటీఎల్ అనే సిమ్యులేటరు ఉచితంగా లభిస్తుంది. కళాశాల ల్యాబులోని కంప్యూటరులోనే పై లెక్కలన్నీ సాధన చేయవచ్చు. అక్కడ తప్పు జరిగినా ఎవరి వేలూ తెగదు, పైసా ఖర్చు కాదు.

తల్లిదండ్రులకు ఒక మాట

మీకు కంప్యూటరు తెలియనక్కరలేదు. పిల్లలు డ్రోను పట్టుకుని బయలుదేరేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: "ఇంట్లో పరీక్షించేటప్పుడు రెక్కలు విప్పావా? ఏ పరీక్షనైనా ఆపేశావా? ఎగరేసే చోటు అనుమతి ఉన్నదేనా?" మన దేశంలో 2021 డ్రోన్ నిబంధనలు గగనతలాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించాయి. బడిలో కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో మరాఠీలోనో చదివిన పిల్లలు ఈ ప్రశ్నలకు ఇంటి తెలుగులో జవాబు చెప్పగలిగితే పాఠం నిజంగా అర్థమైనట్టే.

అభ్యాసం

ఆర్మింగ్ చెక్ విలువ 94. పై పట్టికలో ఏయే పరీక్షలు జరగడం లేదు?

జవాబు: 94 = 64 + 16 + 8 + 4 + 2. పారామీటర్లు, బోర్డు వోల్టేజి, బ్యాటరీ పరీక్షలు జరగడం లేదు. సగం ఖాళీ అయిన బ్యాటరీతో ఎగరబోయినా ఈ డ్రోను అడ్డుచెప్పదు. ఆ సంగతి నేలమీదే తెలుసుకోవడం మన బాధ్యత.