ఎప్సమ్ గుర్రం – ఒంగోలు గిత్త

పందెం అనగానే చాలామందికి డబ్బు, కేకలు, జనం గుర్తుకొస్తాయి. సైన్సు విద్యార్థికి మాత్రం పందెం ఒక పరీక్ష. ఏ పశువు సంతతిని నిలుపుకోవాలి అన్నదే అందులోని ప్రశ్న. ఇంగ్లండులోని డెర్బీ గుర్రప్పందెం తొలి చరిత్రను, మన బండలాగుడును పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది.

18వ శతాబ్దం నడుమ దాకా ఇంగ్లండులో ముదురు గుర్రాలను నాలుగేసి మైళ్ల చొప్పున, ఒకే రోజున రెండు మూడు విడతలు పరుగెత్తించేవారు. క్రమంగా లేతవయసు గుర్రాలకు తక్కువ దూరం, ఒకే విడత పందేలు వచ్చాయి. 1776లో డాంకాస్టర్‌లో సెయింట్ లెజర్, 1779లో ఎప్సమ్‌లో ఆడగుర్రాలకు ఓక్స్, 1780లో అక్కడే డెర్బీ మొదలైనాయి. మూడూ మూడేళ్ల గుర్రాలకే. 12వ డెర్బీ ప్రభువు పేరిట వెలసిన ఆ పందెంలో తొలి ఏడు తొమ్మిది గుర్రాలు పరుగెత్తగా, సర్ చార్లెస్ బన్‌బరీ గారి డయోమెడ్ గెలిచింది. అప్పుడు దూరం ఒక మైలు. 1784 నుంచి మైలున్నర.

1791లో జేమ్స్ వెదర్‌బీ గుర్రాల వంశావళి గ్రంథం అచ్చువేశాడు. దానితో తల్లి ఏది, తండ్రి ఏది అన్నది నోటిమాట కాక అచ్చులోకి వచ్చింది. నేటి థరోబ్రెడ్ గుర్రాల మగ వంశాలన్నీ బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గోడాల్ఫిన్ అరేబియన్ అనే మూడు గుర్రాల దగ్గరికి చేరతాయని చెప్పగలుగుతున్నామంటే అలాంటి రాతల వల్లనే.

ఇక మన సంగతి. వినుకొండ, నరసరావుపేట వైపు తిరునాళ్లలో, పండుగల్లో జరిగే బండలాగుడు మనందరం చూసిందే. ఇక్కడా వయసు లెక్క ఉంది. అది పళ్లు చూసి చెబుతారు. పాలపళ్లు ఊడి మొదటి జత గట్టిపళ్లు వచ్చేది సుమారు రెండున్నర ఏళ్లకు. అందుకే రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు. పెట్టిన గడువులో జత బండను ఎన్ని అడుగులు లాగిందో కొలిచి బహుమతి ఇస్తారు. బరువు, కాలం, దూరం – మా ఫిజిక్స్ లాబులో కొలిచేవీ ఇవే కదా!

కానీ ఒక లోపం ఉంది. మైకులో యజమాని పేరు, ఊరు, అడుగులు చెబుతారు. గిత్త ఏ ఆవుకు, ఏ ఆబోతుకు పుట్టిందో నేను చూసిన ఏ పోటీలోనూ చెప్పలేదు. మా నాన్నకు మా దొడ్లోని ఆవుల మూడు తరాల సంగతి తెలుసు. అదంతా నోటిలెక్కే. ఆయన తర్వాత చెప్పేదెవరు?

మొదటి డెర్బీ గెలిచిన డయోమెడ్‌ను 1798లో, ముసలిదైందని, 50 గినీలకు అమెరికావాళ్లకు అమ్మేశారు. అక్కడ దాని సంతతే పేరుకెక్కింది. మన ఒంగోలు పశువులూ బ్రెజిల్ వెళ్లి, నెల్లూరు పేరు మీదుగా ‘నెలోర్’ అయినాయి. 1960ల మొదట్లో వెళ్లిన ఒక ఆబోతు పేరు కరవది. అది ఒంగోలు దగ్గరి ఊరి పేరే. బ్రెజిల్‌లో 1938 నుంచి ఇలాంటి పశువుల వంశాలు నమోదు చేస్తున్నారు.

గుంటూరు దగ్గర లాంలో ఒంగోలు జాతి మీద పరిశోధన జరుగుతూనే ఉంది. రైతు దొడ్లో మాత్రం రాత లేదు. పత్తి, మిరప చేలల్లోకి ట్రాక్టరు వచ్చాక ఎద్దుల జతలు తగ్గాయి. కనుక మంచి పశువును గుర్తించే చోటుగా పోటీ విలువ పెరిగింది. ముల్లుకర్రతో పొడిచి లాగించిన అడుగులు బలానికి లెక్క కావు. ఆ పని మానాలి. పేరు నమోదు చేసే కాగితంలో తల్లికి, తండ్రికి రెండు గడులు కలపాలి. రైతుబిడ్డలమైన మనం సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఒక నోటుబుక్కు తీసి, దొడ్లోని ప్రతి పశువు పేరు, ఈనిన తేదీ, తల్లి, తండ్రి పెద్దవాళ్లను అడిగి రాసిపెడదాం.