తేమతో కాపురము

తెలుగునాట వేసవి అంతటను ఒకే తీరున నుండదు. కర్నూలులోను, రామగుండములోను మే నెల యెండ నిప్పులు చెరుగును. కాని గాలి పొడిగా నుండుటచే పట్టిన చెమట వెంటనే ఆరిపోవును. ఆ యారుటలో దేహము చల్లబడును. గుమ్మమునకు వట్టివేళ్ళ తడిక కట్టి నీరు చల్లినచో గది చల్లనగుటకు కారణమును ఇదియే. సముద్రతీరమునందలి కాకినాడ, మచిలీపట్నములలో ఎండ అంత తీవ్రము గాకున్నను ప్రాణమునకు సుఖముండదు. గాలి యప్పటికే నీటియావిరితో నిండియుండును గనుక చెమట ఆరదు. అచ్చట తడికలు కట్టుట ఉక్కకు తేమను తోడు చేయుటయే. తీరవాసికి కావలసినది నీరు కాదు, గాలి.

గోదావరి సీమలోని మండువా లోగిలి ఈ యవసరమునుండి పుట్టినది. ఇంటి నట్టనడుమ ఆకాశము కనబడు చోటొకటి విడిచి, దాని నలువైపులను పెంకు కప్పులను లోనికి వాల్చెదరు. వేడెక్కిన గాలి అందుగుండ పైకి పోవును. దాని స్థానమున వీధి యరుగునుండియు, పెరటినుండియు క్రొత్తగాలి వచ్చును. అయితే వానకాలమున కప్పులపై నీరంతయు మండువాలోనే పడును. అది బయటికి పోవుటకు తూముండును. తూము పూడినచో ఇల్లే చెఱువగును. అందుచే మృగశిర కార్తె రాకమున్నే తూము తీయించి, పెంకు సర్దించుట ఆ ప్రాంతపు గృహస్థులకు అలవాటు. పగిలిన పెంకు ఒక్కటి చాలును. దానిగుండ కారిన నీటికి ఏండ్ల తరబడి నిలిచిన దూలము పుచ్చిపోవును.

గోడల సంగతి మఱింత సూక్ష్మమైనది. తడిసిన గోడకు బూజు పట్టును. సున్నమునకు క్షారగుణము కలదు గనుక దానిపై బూజు సులభముగా పెరుగదు. గోడకు వేసిన సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి, మరల సున్నపురాయిగా మారి గట్టిపడును. గట్టిపడినను దానిలోని సన్నని రంధ్రములు మూసికొనిపోవు. నేలనుండి గోడలోనికి ఎగబ్రాకిన తేమ ఆ రంధ్రములగుండ ఆవిరియై వెలికిపోవును. సంక్రాంతికి ఇంటికి వెల్ల వేయుట వేడుక మాత్రమే కాదు.

ఇటీవల పలువురు పాత మట్టిగోడలకు సిమెంటు పూయించుచున్నారు. చూచుటకది దృఢముగానే యుండును. కాని లోని తేమకు బయటపడు దారి మూసికొనిపోవును. మట్టి లోలోపల నానును. కొన్నాళ్ళకు సిమెంటు పెచ్చులుగా ఊడును. ఒక్కొక్కచో గోడయే కూలును. బాగుచేయబోయి చెడగొట్టుకొనుట యనగా ఇదియే. చెదలకును అట్టి తడి చోటులే ప్రీతి. అవి వెలుతురునకు జడిసి, గోడవెంట మట్టిగొట్టములు కట్టుకొని కొయ్యను చేరును. గొట్టమును దులిపినంత మాత్రమున చెద పోదు. తడి యెచ్చటనుండి వచ్చుచున్నదో వెదకి మాన్పవలెను.

మండువా లోగిలి కలిగినవారి యిల్లు. తీరమున పేదలు తాటాకు చుట్టిండ్లు కట్టుకొనిరి. గుండ్రని గోడను గాలి చుట్టుకొని పోవును. చూరు బాగుగ క్రిందికి దిగియుండుటచే జల్లు లోనికి కొట్టదు. ఇంత నేర్పుతో కట్టినవైనను 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనకు మట్టిగోడలు నిలువలేకపోయినవి. వేలకొలది జనులు అసువులు బాసిరి. అటుపిమ్మట తీరమున కాంక్రీటు ఇండ్లు, తుపాను ఆశ్రయములు పెరిగినవి. అది న్యాయమే.

కాంక్రీటు కప్పునకు మాత్రము ఒక దోషము కలదు. పగలెల్ల త్రాగిన వేడిని అది రాత్రి యింటిలోనికి విడుచును. గాలి యాడని రాత్రులలో పసిపిల్లలకు, వృద్ధులకు ఇది ప్రాణాంతకము కావచ్చును. తెల్లని పూత ఎండను వెనుకకు మరల్చును గనుక, వేసవికి ముందు మేడపై సున్నము పూయించువారు నేడు పలువురు కలరు. 2023లో తెలంగాణ ప్రభుత్వము చల్లని కప్పులకై ఒక విధానమునే ప్రకటించినది. వానలకు ఆ సున్నము కొట్టుకొనిపోవును. మరుసటి మాఘమాసమున మరల పూయవలసినదే.