గుంటుపల్లి కొండ దారిలో కుక్కుర జాతకం



ఉపాసకులారా, ఉపాసికలారా! ఈసారి పాఠం కూర్చుని చదివేది కాదు, నడుస్తూ చెప్పుకోవలసింది. ఏలూరుకి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, కామవరపుకోట మండలం జీలకర్రగూడెం దగ్గర గుంటుపల్లి బౌద్ధ గుహలున్నాయి. కొల్లేటి లంకల వాళ్లు ఏలూరు మీదుగా, తాడేపల్లిగూడెం వాళ్లు ద్వారకా తిరుమల మీదుగా రావచ్చు. అడవిలో కొండ, పైకి మెట్లు. మరీ పెద్ద ఎక్కుడేం కాదు, పెద్దవాళ్లు కూడా ఆగి ఆగి ఎక్కేయగలరు. నీళ్లు మాత్రం వెంట తెచ్చుకోండి.

కింద నుంచి ఊరకుక్క ఏదైనా మీ వెంట పడితే రాయి తీయకండి, అదిలించకండి. దాన్ని రానివ్వండి. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో పదమూడోది సకల జీవుల పట్ల కరుణ. దీక్ష రోజున అందరం చెప్పాం. కానీ కుక్క దగ్గరికొచ్చేసరికి మనలో చాలామందికి చెయ్యి రాయి మీదికే పోతుంది.

దానికి కారణం లేకపోలేదు. తరతరాలుగా మనల్ని తిట్టడానికి వాడిన మాటల్లో అదొకటి. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి మహాడ్ చౌదార్ చెరువు నీళ్లు తాగింది ఎందుకు? ఆ చెరువులో పశువులు తాగొచ్చు, కుక్క తాగొచ్చు, మనిషి తాగకూడదు. మనం తాగాక దాన్ని ఆవు పేడతో, మూత్రంతో శుద్ధి చేశారు. మన ఆంధ్రలోనే 1985లో కారంచేడు గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగపల్లె వాళ్లు తాగే చెరువు దగ్గర, గేదెలకి కుడితి పెట్టిన బకెట్లు కడగడం మీద. పశువుకున్న విలువ మనిషికి లేదన్న మంట న్యాయమైనదే. అయితే ఆ మంట నీళ్లు ఆపినవాడి మీద ఉండాలి గాని, నీళ్లు తాగిన కుక్క మీద ఎందుకు?

మెట్లెక్కుతూ ఈ కథ చెప్పుకోండి. జాతకాల్లో ఇది 22వది, కుక్కుర జాతకం. పూర్వజన్మ కథలు మనకెందుకని కొందరు అడుగుతారు. అడగాలి కూడా. గత జన్మ కర్మే ఈ జన్మ బతుకుని నిర్ణయిస్తుందన్న వాదాన్ని బాబాసాహెబ్ ‘బుద్ధుడు - ఆయన ధమ్మం’లో ఒప్పుకోలేదు. ఇక్కడ మనం తీసుకునేది జన్మల లెక్క కాదు, ఆ కథలో నడిచిన న్యాయ విచారణ.

కాశీ రాజు రథం ఒక రాత్రి కోట వాకిట్లో వానకి తడిసింది. ఆ తోలు పట్టీలన్నీ కుక్కలు కొరికేశాయి. బయటి కుక్కలు తూము గుండా వచ్చి తిన్నాయని నౌకర్లు చెప్పారు. రాజు ఇంకేమీ అడగలేదు, కనబడ్డ కుక్కనల్లా చంపమన్నాడు. చావు తప్పించుకున్న కుక్కలన్నీ శ్మశానానికి పరుగెత్తాయి. వాటి నాయకుడు, అంటే బోధిసత్త్వుడు, ఉండేది అక్కడే. (మన పేటలు ఎక్కడుంటాయో మీకు చెప్పనక్కర్లేదు.) ఆయన ఆలోచించాడు: కోటకి కాపలా ఉంది, బయటి కుక్కకి లోపలికి దారి లేదు, కాబట్టి ఇది లోపలి కుక్కల పనే. ఒంటరిగా సభకి వెళ్లి రాజు పీఠం కిందే కూర్చున్నాడు.

“తోలు తిన్నదెవరో మీకు తెలుసా?” అనడిగాడు. తెలియదన్నాడు రాజు. “మరి అన్నిటినీ చంపిస్తున్నారా?” లేదు, అంతఃపురంలో పెరిగిన మేలుజాతి కుక్కల్ని వదిలేశారట. ఆయన మజ్జిగ, దర్భగడ్డి తెప్పించి కోట కుక్కల చేత తాగించమన్నాడు. తోలు ముక్కలు కక్కేశాయి. మడికి వాడే దర్భ ఇక్కడ నిజం కక్కించడానికి పనికొచ్చింది! ఆ తర్వాత రాజు అన్ని కుక్కలకీ తన తిండి లాంటి తిండే పెట్టించాడు.

బోధిసత్త్వుడు రాజులో పట్టుకున్న తప్పుకి పాళీలో ‘అగతి’ అని పేరు. అంటే పెడదారి. అవి నాలుగు: ఇష్టం వల్ల, ద్వేషం వల్ల, మోహం వల్ల, భయం వల్ల న్యాయం తప్పడం. ఊళ్లో దొంగతనం జరిగితే ముందు పేటకొచ్చే పోలీసుది ద్వేషం, మోహం అని మనం వెంటనే చెప్పేస్తాం. మొదటిది మాత్రం మన ఇళ్లలోనే ఉంది. మన కులం కుర్రాడు తప్పు చేస్తే సర్దుకుపోమంటాం, పక్క పల్లె కుర్రాడు చేస్తే పంచాయితీ పెడతాం. మాలపల్లెకి, మాదిగపల్లెకి మధ్య ఈ లెక్క ఇంకా ఉంది. దీక్ష తీసుకున్న కుటుంబాల్లోనూ ఉంది. మన కోట కుక్కలకి మజ్జిగ పట్టేదెవరు?

పైకి చేరాక గుండ్రటి చైత్యగుహ దగ్గర కాసేపు ఆగండి. దాని కప్పు లోపలివైపు చూడండి: వాసాలు, దూలాలు ఎలా ఉంటాయో అలాగే రాతిలో తొలిచారు. అచ్చం పాతకాలపు చుట్టిల్లు. లోపల స్తూపం ఉంది, చుట్టుపక్కల ఊళ్లవారు దాన్ని ధర్మలింగేశ్వరుడని కొలుస్తారు. పూలు, పసుపు కనబడితే వాదానికి దిగొద్దు, పిల్లలకి అది స్తూపమని మెల్లగా చెబితే చాలు. ఈ కొండకి శాసనాల్లో మహానాగపర్వతమని పేరు. ఇక్కడ ఒక మండపాన్ని దానం చేసింది రాజు కాదు, సిరిసద రాజు దగ్గర పనిచేసిన ఒక లేఖకుడు.

నీడ చూసుకుని అందరూ గుండ్రంగా కూర్చోండి. నాలుగు అగతుల్లో ఈ ఏడాది తాను దేనికి లొంగాడో ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పాలి. పేర్లు అక్కర్లేదు. ఒకరు చెబుతుంటే రెండోవారు మధ్యలో కలగజేసుకోవద్దు. తెచ్చుకున్న అన్నంలో ముందు ఒక ముద్ద, దోసెడు నీళ్లు వెంట వచ్చిన కుక్కకి పెట్టి మీరు తినండి.