నీట మునిగినవారిని కాపాడేటప్పుడు

ఐనవిల్లి మండలానికి ఒక పక్క గౌతమి. ముక్తేశ్వరం రేవు దాటితే అవతలి ఒడ్డు కోటిపల్లి. లంకల్లో ఉండేవారికి బడికైనా, వైద్యానికైనా పడవతో పని పడుతూనే ఉంటుంది. వరద వచ్చి కాజ్‌వే మునిగితే అంతవరకు నడిచి వెళ్లినవారు కూడా పడవ ఎక్కాల్సిందే. ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీ చేస్తారు. 2022 జూలైలో అది 25 లక్షలు దాటింది.

ఇలాంటి చోట ఎవరైనా నీటిలో పడితే ముందుగా చేరేది ఎవరు? జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం 2006లో ఏర్పడింది. వారికి మంచి పడవలు, శిక్షణ పొందిన ఈతగాళ్లు ఉన్నారు. కాని కబురు అంది, వారు బయలుదేరి రేవుకు చేరేసరికి గంటలు పడుతుంది. ఊపిరి ఆగిన మనిషి మెదడుకు ఉండే గడువు నాలుగైదు నిమిషాలే. కనుక ప్రాణం నిలిపే పని ఆ క్షణంలో ఒడ్డున ఉన్నవారిదే.

2018 జూలై 14న ఐ. పోలవరం మండలం పశువుల్లంక దగ్గర బడి పిల్లలు ఇళ్లకు వెళుతున్న పడవ, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి తిరగబడింది. ఎక్కువమంది ఈదుకుంటూ గానీ, చుట్టుపక్కలవారి సాయంతో గానీ బయటపడ్డారు. ఏడుగురు గల్లంతయ్యారు. వారిలో ఆరుగురు చదువుకునే పిల్లలు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగినప్పుడు 26 మంది బతికారు. వారిని పైకి లాగింది ఆ ఒడ్డు గ్రామాలవారే, తమ చిన్న పడవల్లో వెళ్లి. బతికినవారిలో ఎక్కువమంది లైఫ్ జాకెట్ వేసుకున్నవారే. ఉక్కపోస్తోందని దాన్ని విప్పి పక్కన పెట్టుకునేవారిని మనం ఏ పడవలోనైనా చూస్తాం. పిల్లలకు వేసిన జాకెట్ ముడి కట్టారో లేదో పడవ ఎక్కాక ఒకసారి లాగి చూడండి.

ఈత వచ్చినా దూకకండి

రక్షణ బృందాలకు శిక్షణలో ముందు నేర్పేది ఈత కాదంటే ఆశ్చర్యంగా ఉంటుంది. ఒడ్డున నిలబడి అందించడం, విసరడం, పడవ మీద వెళ్లడం, ఆ తర్వాతే నీటిలో దిగడం. ఈ వరుస తప్పకూడదు. మునిగేవాడు ప్రాణభయంతో చేతికి దొరికినవారి మెడ పట్టుకుంటాడు. ఒకరు పడితే ఇద్దరు, ముగ్గురు పోయిన ఇళ్లు మన ప్రాంతంలో ఉన్నాయి. అన్న కోసం తమ్ముడు, బిడ్డ కోసం తల్లి దిగినవే వాటిలో ఎక్కువ. గెడ, మోకు, తడిపిన చీర, మూత బిగించిన ఖాళీ నీళ్ల క్యాను, జతగా కట్టిన ఎండు కొబ్బరికాయలు, ఏది దొరికితే అది అందించాలి. అందించేవారు నేలమీద బోర్లా పడుకోవాలి, వారి కాళ్లు ఇంకొకరు పట్టుకోవాలి. పడవలోకి ఎక్కించేటప్పుడు అందరూ ఒకే వైపుకు వస్తే ఆ పడవ కూడా తిరగబడుతుంది.

మునిగేవారు కేకలు వేస్తారని చాలామంది అనుకుంటారు. నిజానికి నోరు నీటిమట్టానికి వచ్చాక అరవడానికి ఊపిరి ఉండదు. తల వెనక్కి వాలి, చేతులు నీటిని కిందికి తోస్తూ, చప్పుడు లేకుండా మునిగిపోతారు. కార్తీక స్నానాల రద్దీలో పక్కవారికి కూడా తెలియకపోవడానికి కారణం ఇదే.

ఒడ్డుకు చేర్చాక

మన ఊళ్లలో పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టి తలకిందులుగా తిప్పడం ఇంకా జరుగుతోంది. దయచేసి అలా చేయనివ్వకండి. పొట్ట నొక్కితే లోపలి నీరు, అన్నం గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. విలువైన నిమిషాలూ పోతాయి.

గట్టి నేలపై వెల్లకిలా పడుకోబెట్టి పిలిచి చూడాలి. ఒకరు 108కి ఫోన్ చేయాలి. పలకకపోయినా ఊపిరి సరిగా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి లేకుంటే తల కొద్దిగా వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోటితో నోట్లోకి గాలి ఊదాలి. నీట మునిగినవారికి కావలసింది ముందుగా గాలే. రెండు నుంచి ఐదుసార్లు ఊది, ఛాతీ లేవడం గమనించాలి. ఆపైన ఛాతీ మధ్యలో అరచేతి మడమతో 30 సార్లు నొక్కడం, 2 సార్లు ఊదడం. పెద్దవారికి సుమారు 5 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. వైద్యసాయం అందేవరకు ఆపకూడదు. అలసిపోతే మనిషి మారాలి.

లేచి కూర్చుని మాట్లాడినా సరే, ఆసుపత్రికి తీసుకురండి. నీరు ఊపిరితిత్తులకు చేరి ఉంటే దగ్గు, ఆయాసం కొన్ని గంటల తర్వాత పెరగవచ్చు. అందుకే వైద్యులు కొంతసేపు ఉంచి చూస్తారు. "బాగానే ఉన్నాడు కదా, ఎందుకు ఉంచారు?" అని అడిగే బంధువులకు మా జవాబు ఇదే.

గాలింపు మొదలైతే

కనిపించకపోతే బృందం మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న, చివరిసారి ఎక్కడ చూశారు అని. ఆ చోటికి ఎదురుగా ఒడ్డున వెంటనే ఒక కర్ర పాతండి. నీరు ఎటు లాగుతోంది, ఎన్ని గంటలకు జరిగింది, ఏ రంగు బట్టలు అన్నవి చెప్పండి. పడవలో ఎంతమంది ఎక్కారన్నది మరీ ముఖ్యం. కచ్చులూరులో ఆ లెక్క తేలడానికే సమయం పట్టింది. వేరే దారిలో ఇంటికి చేరిన మనిషి కోసం కూడా వెతికే పరిస్థితి రాకుండా, బయటపడినవారి పేర్లు ఒకరు రాస్తూ ఉండాలి. గట్టు మీద గుమిగూడినవారిని కొంచెం వెనక్కి జరిపితే వెతికేవారి మాటలు ఒకరికొకరికి వినపడతాయి.

గాలింపు ఒక్కోసారి రోజుల తరబడి సాగుతుంది. కచ్చులూరు బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం పైకి తీసింది అక్టోబరు 22న, అంటే ఐదు వారాలు దాటాక. అంత ఆలస్యమైనా, తమవారిని కడసారి చూసుకోవాలన్నది ఏ ఇంటివారికైనా ఉండే కోరికే.

ఆ పని చేసిన కుర్రవాళ్ల సంగతి మనకు గుర్తుండదు. చిన్నపిల్ల శవాన్ని చేతులతో ఎత్తినవాడు ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోతాడు. రాత్రి ఉలిక్కిపడతాడు, రేవు వైపు వెళ్లడు. మొదటి రోజుల్లో ఇది సహజమే. మగవాడివి, ధైర్యంగా ఉండు అని కసరకుండా, చెప్పాలనుకున్నప్పుడు వినండి. నెల దాటినా నిద్ర పట్టకపోయినా, నిద్ర కోసం తాగుడు మొదలుపెట్టినా వైద్యుడి దగ్గరకు తీసుకురండి. దీనికి చికిత్స ఉంది.