అభయ శాసనము

బాపట్ల జిల్లాలో సముద్రతీరమున మోటుపల్లి అను చిన్న గ్రామము కలదు. నేడచ్చట ఓడలు ఆగవు. ఇసుక తిన్నెలును, ప్రాచీన దేవాలయములును మాత్రము పూర్వవైభవమును జ్ఞప్తికి తెచ్చుచుండును. కాని కాకతీయుల కాలమున అది ప్రసిద్ధమైన రేవు పట్టణము. దేశదేశముల వర్తకులు అచ్చటికి వచ్చి క్రయవిక్రయములు సాగించెడివారు.

ఆ దినములలో సముద్రవ్యాపారము ప్రాణములతో చెలగాటముగా నుండెను. గాలివానకు చిక్కిన ఓడ ఏ ఒడ్డునకు కొట్టుకొని వచ్చిన, ఆ తీరమునేలు రాజు అందలి సరకునంతయు బలవంతముగా గైకొనుచుండెను. అలల వాతబడక బ్రతికి బయటపడిన వర్తకుడు, ఒడ్డు చేరిన పిమ్మట సర్వస్వమును కోల్పోవుచుండెను. ఇట్టి తీరమునకు తెలిసి తెలిసి వచ్చువారెవరు?

కాకతి గణపతిదేవ చక్రవర్తి ఈ దురాచారమును మాన్పెను. 1244వ సంవత్సరమున ఆయన మోటుపల్లిలో ఒక శిలాశాసనము వేయించెను. ప్రాణములకు తెగించి సముద్రమును దాటి వచ్చు వర్తకులపై దయతోను, తన కీర్తికొఱకును, ధర్మముకొఱకును, నియమితమైన సుంకము తప్ప వారి సొత్తులో మరేమియు తీసికొనబడదని అందు ప్రకటించెను. ఏ సరకునకు ఎంత సుంకమో కూడ ఆ శాసనముననే చెక్కించెను. చరిత్రకారులు దీనిని అభయ శాసనమందురు. ఆ శతాబ్దము ముగియులోపల వెనిస్ నగర యాత్రికుడగు మార్కోపోలో ఈ ప్రాంతమును ముట్ఫిలి యని పేర్కొని, ఇచ్చటి సన్నని వస్త్రములను ఎంతయు కొనియాడెను.

వర్తకమునకు ధనమొక్కటియే పెట్టుబడి కాదు. నమ్మకము అంతకంటె గొప్ప పెట్టుబడి. ఆ నమ్మకమును కాపాడుట ప్రభుత్వ ధర్మము.

స్వతంత్ర భారతమున ఈ బాధ్యతను కేంద్ర ప్రభుత్వ వాణిజ్యశాఖ వహించుచున్నది. ఇతర దేశములతో వ్యాపారపు ఒడంబడికలు చేసికొనుట, ఎగుమతి దిగుమతుల నియమములను ఏర్పరచుట, మన సరకులకు విదేశములలో క్రొత్త విపణులను వెదకుట దీని పనులు. వీటితోపాటు మరియొక ముఖ్యమైన పని కలదు. నాడు అభయము కోరినవాడు ఓడలో వచ్చిన వర్తకుడు. నేడు దానిని కోరువాడు వేలమైళ్ళ దూరమున మన సరకును కొనువాడు. ఆ సరకు ఎచ్చట పుట్టెనో, ఎవరి చేతుల మీదుగా వచ్చెనో అతడు కన్నులార చూడలేడు. దాని మంచికి పూచీపడువారొకరు ఉండవలెను. ఇందులకై పార్లమెంటు 1963లో ఎగుమతి సరకుల నాణ్యతను గూర్చి ఒక చట్టము చేసెను. దానిననుసరించి ఎగుమతి తనిఖీ మండలి ఏర్పడెను. 1972లో సముద్రోత్పత్తుల ఎగుమతుల అభివృద్ధికై కొచ్చి కేంద్రముగా వేరొక సంస్థ వెలసెను.

నమ్మకము ఎంత సున్నితమైనదో 1997లో తెలిసివచ్చినది. మన చేపలు, రొయ్యలు శుద్ధిచేయు కర్మాగారములలో పరిశుభ్రత చాలదని యెంచి ఐరోపా సమాజము ఆ సంవత్సరము వాని దిగుమతిని నిషేధించెను. నిషేధము అజాగ్రత్తగా నున్నవారిని మాత్రమే గాక, శ్రద్ధతో పనిచేసినవారిని కూడ బాధించెను. వలవేయు జాలరి మొదలు, షెడ్డులో కూర్చుండి రొయ్యలు ఒలుచు కూలి స్త్రీ వరకు ఆ దెబ్బ తాకెడిదే. అంతట కర్మాగారములు నీటిని, మంచుగడ్డను, పనివారి చేతుల శుభ్రతను సరిచూచుకొనవలసి వచ్చెను. అధికారులు పరీక్షించి అంగీకరించిన కర్మాగారములకు మాత్రమే ఆ విపణి ద్వారములు మరల తెరువబడెను. తరువాత కొన్ని యేండ్లకే రొయ్యలలో నిషిద్ధములైన మందుల అవశేషములు కనబడినవని మరల ఆక్షేపణలు వచ్చెను.

నేడు రొయ్యల పెంపకమున దేశములో ఆంధ్రప్రదేశ్ ముందు నిలిచియున్నది. ఐరోపాకు పంపదలచిన రొయ్యలను చెరువు పట్టుబడికి ముందే నమూనా తీసి, మందుల అవశేషములున్నవేమో పరీక్షింతురు. పిమ్మట కర్మాగారమున శుభ్రపరచి, గడ్డకట్టించి, ఆరోగ్య ధ్రువపత్రముతో ఓడకెక్కింతురు. ఆ పత్రము చూచుటకు చిన్న కాగితమే. కాని దానిపై సంతకము చేయు అధికారి దేశము తరఫున మాట యిచ్చుచున్నాడు. రోగము సోకిన చెరువులో, ఎవరును చూడని రాత్రివేళ నిషిద్ధమైన మందు చల్లకుండ నిగ్రహించుకొను రైతు కూడ ఆ మాటను నిలబెట్టుచున్నాడు. నష్టము కండ్లయెదుట కనబడుచుండగా అట్లు నిలుచుట సులభము కాదు.

గణపతిదేవుడు తన మాటను రాతిపై చెక్కించెను. కాని రాతి బలమువలన వర్తకులు రాలేదు. మాట నిలుచునను నమ్మకముచే వచ్చిరి. ప్రభుత్వము చట్టములు చేయగలదు, పరీక్షాలయములు నెలకొల్పగలదు. దేశపు మంచిపేరు మాత్రము సరకును పండించువాడు మొదలు ఓడకెక్కించువాని వరకు అందరి చేతులలోను కలదు.