బలం మాత్రలని ఎన్నాళ్లు చెబుతారు?

పుట్టుకతోనే హెచ్‌ఐవీ సోకిన పిల్లలు ఇప్పుడు మన ఇళ్లలో పదో తరగతికి, ఇంటర్‌కు వస్తున్నారు. 2004లో ప్రభుత్వం హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది కాబట్టి ఇది సాధ్యమైంది. వాళ్లను ఇంతదాకా తెచ్చిన తల్లిదండ్రులకు, మనవలను సాకుతున్న అమ్మమ్మలకు, నాయనమ్మలకు నాలుగు మాటలు.

సిగరెట్, తాగుడు, ప్రేమలు... ఈ వయసంటే మీకున్న భయాలు తెలుసు. వాటికంటే ముందు కనిపెట్టాల్సింది మాత్ర మానేయడం. అది చప్పుడు లేకుండా జరిగిపోతుంది. హాస్టల్లో పక్కవాళ్లు ఏమిటని అడుగుతారని కొందరు డబ్బా బయటికే తీయరు. ఒంట్లో బాగానే ఉందిగా అనుకుంటారు. మాత్రలు ఆగితే వైరస్ మళ్లీ పెరుగుతుంది, టీబీ లాంటివి పట్టుకుంటాయి. అరకొరగా వేసుకుంటే వైరస్ ఆ మందుకు లొంగకుండా పోవచ్చు.

మాత్ర మానేస్తే మొండితనమని కొట్టకండి. ఎందుకు మింగుతున్నారో చాలామంది పిల్లలకు ఎవరూ చెప్పి ఉండరు. బలం మాత్రలని మీరంటారు. డబ్బా మీది పేరు ఫోన్‌లో కొడితే నిజం తెలిసిపోతుంది. అలా ఒంటరిగా తెలుసుకున్న బిడ్డ ఇక మిమ్మల్ని ఏదీ అడగదు. బడి ఈడులోనే చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 నుంచీ అంటోంది. "నాకెలా వచ్చిందమ్మా?" అన్న ప్రశ్నకే మీరు జంకుతున్నారు కదూ? ఆ ప్రశ్న వచ్చి తీరుతుంది. నా నుంచి వచ్చింది, కావాలని ఇచ్చింది కాదు నాన్నా అని చెప్పండి. ఏడుపొస్తే ఇద్దరూ ఏడవండి. మాటలు రాకపోతే ఏఆర్‌టీ సెంటర్ కౌన్సిలర్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి.

నిజంతోపాటు ఆశ కూడా చెప్పాలి. మాత్రలు మానకుండా వాడి, వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించనంత తగ్గి అలాగే ఉంటే, కలయిక వల్ల ఎదుటివారికి సోకదు. పెళ్లీ పిల్లలూ వాళ్లకూ ఉంటాయి. కండోమ్ గురించి కూడా సిగ్గుపడకుండా మీరే చెప్పండి.

ఎప్పుడైనా తాగొచ్చాడని తెలిస్తే తిట్లు తెల్లారాక చూసుకోవచ్చు, ఆ రోజు మాత్ర మాత్రం మాననివ్వకండి. ఇప్పుడు ఎక్కువమంది వాడే డొలుటెగ్రావిర్ ఉన్న మాత్ర రాత్రే వేసుకోవాలని లేదు. హాస్టల్లో నలుగురి కళ్లూ పడని వేళ ఏదో బిడ్డనే ఎంచుకోమనండి, రోజూ అదే వేళకు వేసుకుంటే చాలు. ఒకవేళ విషయం బయటపడినా, హెచ్‌ఐవీ ఉందని చదువు నిరాకరించడాన్ని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఒప్పుకోదు.

ఈసారి సెంటర్‌కు వెళ్లినప్పుడు కాసేపు బిడ్డను ఒంటరిగా కౌన్సిలర్‌తో మాట్లాడనివ్వండి. బయటికి రాగానే లోపల ఏం చెప్పావని ఆరా తీయకండి.